దుబారా అనే మాట గురించి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శిగారు ఒక షరతు పెట్టారు. కరువుభత్యం బకాయిలు, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు, జీవన ధ్రువపత్రం, ఈ మూడింటి జోలికి వెళ్ళవద్దన్నారు. వాటికి వేరే వక్తలున్నారట. అవి తీసేస్తే మనవాళ్ళకు మాట్లాడటానికి ఏం మిగులుతుందండీ అన్నాను. "మీకు భాష మీద సరదా కదా, ఏదో ఒక మాట తీసుకుని చెప్పండి" అన్నారు. అలా నేను ఎంచుకున్న మాట దుబారా. మన ఇళ్ళలో రోజుకు ఒక్కసారైనా వినబడే మాట ఇది. ముప్పై అయిదేళ్ళు ఖజానా శాఖలో బిల్లులు చూసినవాణ్ణి కనుక ఉద్యోగరీత్యా కూడా దీనితో నాకు గట్టి పరిచయమే ఉంది.

ముందు పుట్టుక సంగతి. వినగానే ఇందులో 'దుర్' అనే సంస్కృత ఉపసర్గ ఏదో ఉందనిపిస్తుంది. దుర్వ్యయం, దుర్వినియోగం పక్కన పెట్టి చూస్తే ఆ వరసలో మాటే అనుకుంటాం. కాదు. ఇది పారసీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. 'దో' అంటే రెండు, 'బార్' అంటే సారి. దుబారా అంటే రెండోసారి, మళ్ళీ అని అర్థం. ఉర్దూలోనూ హిందీలోనూ నేటికీ అంతే. అందులో ఖర్చు లేదు, వృథా లేదు, తిట్టు అసలే లేదు.

1979లో కోస్తా నుంచి కొందరం హైదరాబాదులో ఒక పెద్ద కార్యాలయానికి డెప్యుటేషను మీద వెళ్ళాం. మాలో గుంటూరు వైపు ఆయన ఒకరుండేవారు. మంచి పనిమంతుడు, కాస్త ముక్కోపి. మొదటి వారంలోనే ఒకరోజు మధ్యాహ్నం అటెండరు టీ తెచ్చి ఇచ్చాడు. ఈయన తాగి గ్లాసు కింద పెట్టగానే ఆ కుర్రాడు మర్యాదగా, "సాబ్, దుబారా లావూఁ?" అన్నాడు. మళ్ళీ తెమ్మంటారా అని అతని భావం. మా వాడికి కోపం నషాళానికెక్కింది. "నా డబ్బులతో నేను టీ తాగితే దుబారా అంటాడేమిటయ్యా వీడు!" అని లేచాడు. పక్క సెక్షను సూపరింటెండెంటుగారు, పాత హైదరాబాదు మనిషి, కుర్చీలో కూర్చునే నవ్వి ఇద్దరికీ అర్థం చెప్పారు. ఆ తరువాత మా సెక్షనులో రెండో టీకి దుబారా అనే పేరు స్థిరపడిపోయింది.

ఒకే మాట హైదరాబాదు ఉర్దూలో 'మళ్ళీ', మన తెలుగులో 'వృథా ఖర్చు' ఎలా అయింది? దీనికి మన లెక్కల చరిత్ర కొంచెం చూడాలి. గోల్కొండ కుతుబ్‌షాహీలు 1518 నుంచి 1687 దాకా ఏలారు. తరువాత మొగలులు, ఆ తరువాత అసఫ్‌జాహీలు. పై కచేరీల్లో లెక్కల భాష పారసీ. కింద ఊళ్ళో కరణంగారి లెక్క తెలుగు. ఈ రెండు లెక్కలూ ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోట కలవాలి కదా. కలిసినచోట మాటలు చేతులు మారాయి. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, మంజూరు, జప్తు, దాఖలా, దస్తావేజు, ఆఖరికి మేము పనిచేసిన ఖజానా, రిజిస్టరులో చివరి గడి అయిన షరా కూడా ఆ దారిన వచ్చినవే. 1766 ఒప్పందంతో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి పోయాయి కానీ ఈ మాటలు పోలేదు. దొరలు మారినా గుమాస్తాలు మారరు, గుమాస్తాల మాటలు అంతకన్నా మారవు.

ఇలా వచ్చిన మాటలన్నీ పాత అర్థంతోనే ఉండిపోలేదు. ఖరీదు అంటే పారసీలో కొనడం, మనకు వెల. రాజీనామా అంటే రాజీపడినట్టు రాసుకునే పత్రం, ఒడంబడిక. మనం మాత్రం ఇక ఎంతమాత్రమూ రాజీపడలేను అన్నప్పుడు రాసిచ్చేదాన్ని రాజీనామా అంటున్నాం. జల్సా సంగతి ఇంకా చిత్రం. ఉర్దూలో జల్సా అంటే సభ, సమావేశం. ఆ లెక్కన ఈ పూట మనం చేస్తున్నది జల్సాయే. అయితే ఇంటికి వెళ్ళి జల్సా చేసి వచ్చామని మాత్రం చెప్పకండి.

దుబారా మనకు ఇరుగుపొరుగు భాషల్లో ఎలా ఉందో చూస్తే విషయం తేటపడుతుంది. మరాఠీలో 'దుబార్ పేరణీ' అని రైతుల మాట ఒకటి ఉంది. పేరణీ అంటే విత్తడం. తొలకరి పడిందని విత్తుతారు, తరువాత వాన ముఖం చాటేస్తుంది, మొలకలు ఎండిపోతాయి, మళ్ళీ విత్తాలి. ఆ రెండో విత్తనం దుబార్ పేరణీ. ఇక్కడ మాట అర్థం రెండోసారి అనే. కానీ ఆ రైతును అడగండి, ఆ మాటలో ఎంత దుఃఖం ఉందో చెబుతాడు. విత్తనం ఖర్చు రెండింతలు, కూలి రెండింతలు, పంట మాత్రం ఒక్కటే, అదీ వస్తే. ఇక కన్నడంలో దుబారి అంటే ఖరీదైనది, ప్రియమైనది. బెంగుళూరులో ఉన్న మన పిల్లలు ఇంటద్దెల గురించి రోజూ వినే మాట ఇదే. అదీ ఈ కుటుంబంలోదేనని నా నమ్మకం. ఉర్దూలో మళ్ళీ, మరాఠీలో మళ్ళీ పడ్డ ఖర్చు, కన్నడంలో ఎక్కువ వెల, మనకు వచ్చేసరికి వృథా వెల. పటం మీద చూస్తే పక్కపక్క ఊళ్ళే.

నాకు తోచిన వివరణ ఇది. 'మళ్ళీ' అనడానికి తెలుగుకు అరువు మాట అక్కరలేదు. మళ్ళీ, మరల, తిరిగి అని మనకు కావలసినన్ని ఉన్నాయి. లెక్కల్లో మాత్రం ఒకే పనికి రెండోసారి పడిన ఖర్చుకు ఒక్క మాట కావలసి వచ్చింది. దానికి ఇది అతికింది. మా శాఖ మిత్రులకు గుర్తుండే ఉంటుంది, బిల్లు చెల్లించగానే సబ్ వోచరు మీద 'పెయిడ్ అండ్ క్యాన్సిల్డ్' అని ముద్ర కొట్టించేవాళ్ళం. ఎందుకు? అదే రసీదు పట్టుకుని ఇంకొకరు ఇంకోసారి డబ్బు తీసుకోకుండా. ఆ ముద్ర కొట్టినప్పుడల్లా మేము ఆపుతున్నది అసలు సిసలు దుబారానే, రెండోసారి చెల్లింపు.

పాత అర్థం ఇంకా ఈ మాటలో బతికే ఉందనడానికి వీధిలోకి వెళ్ళి చూస్తే చాలు. రోడ్డు వేస్తారు. వేసిన నెలకు మంచినీళ్ళ గొట్టం కోసం తవ్వుతారు. పూడ్చి అతుకు వేశాక కేబులు వాళ్ళు వస్తారు. రోడ్డు వేయడం ఖర్చే, ఎంతయినా కానివ్వండి. తవ్వి మళ్ళీ వేయడం దుబారా. లక్షలు పెట్టి వేసినందుకు ఎవరూ ఆ మాట అనరు, రెండోసారి వేసినందుకు అంటారు. మొత్తం పెద్దదా చిన్నదా అనేది ఈ మాటకు పట్టదు.

తెలుగులో దీనికి అన్నదమ్ముల్లాంటి మాటలు చాలా ఉన్నాయి. అన్నీ ఒకటి కావు. దండగ అనేది దండుగ, అంటే జరిమానా. మన తప్పుందో లేదో, డబ్బు పోయింది, చేతికేమీ రాలేదు. మోసపోయి పెట్టిన డబ్బు దండగ అంటాం కానీ దుబారా అనం. వృథా సంస్కృతం, దాన్ని కాలానికీ శ్రమకూ కూడా వాడతాం. కాలం వృథా అయిందంటాం, కాలం దుబారా అయిందంటే వినడానికి ఏదోలా ఉంటుంది. నీళ్ళు, కరెంటు, నూనె, కాగితం, డబ్బు, ఇలా కొలిచి చూడగలిగినవే దుబారా అవుతాయి. తగలెయ్యడంలో నిప్పుంది, పేకాటకూ తాగుడుకూ అది వాడతాం. ఆర్భాటంలో చప్పుడుంది. విలాసం మాత్రం మర్యాదస్తురాలు, ఉత్తరం మీద రాసే చిరునామాకు కూడా అదే పేరు పెట్టుకున్నాం.

ఇంకొక తేడా చూడండి. 'దుబారా మనిషి' అంటే చెయ్యి నిలవని మనిషి, ఖర్చు పెట్టే అలవాటున్న మనిషి. 'దండగ మనిషి' అంటే ఖర్చుతో సంబంధమే లేదు, ఎందుకూ పనికిరానివాడని. దండగ ఒక్కసారి జరుగుతుంది. దుబారా అలవాటు, మళ్ళీ మళ్ళీ జరిగేది. ఆ పారసీ 'బార్' ఇక్కడ కూడా తొంగి చూస్తోంది.

ప్రభుత్వం వైపు ఈ మాటను ఎలా వాడతారో మనకు తెలియనిది కాదు. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదికలు రాజ్యాంగం 151వ అధికరణం ప్రకారం శాసనసభ ముందుకు వస్తాయి. మరునాడు పత్రికల్లో ఒకటే శీర్షిక, ఫలానా శాఖలో ఇన్ని కోట్లు దుబారా అని. అసలు నివేదిక తెరిస్తే అందులో ఒక్క మాట కాదు, నాలుగైదు మాటలుంటాయి. అవాయిడబుల్ అంటే ముందుచూపు ఉంటే తప్పించగలిగిన ఖర్చు. ఇన్‌ఫ్రక్చువస్ అంటే కాపు కాయని ఖర్చు. భవనం కట్టారు, కరెంటు కనెక్షను ఇవ్వలేదు, తాళం వేసి ఉంచారు, అలాంటిది. అనవసరం వేరు, అక్రమం వేరు, అపహరణ వేరు. ఆడిట్ పారాలకు జవాబులు రాసి రాసి జుట్టు నెరిసినవాళ్ళు ఈ సభలో చాలామంది ఉన్నారు, వారికి ఈ తేడాల విలువ తెలుసు. ఒక మాట పడితే మెమో, ఇంకో మాట పడితే సస్పెన్షను.

ఆర్థిక నియమావళిలో ప్రభుత్వ ఖర్చుకు సంబంధించిన మూల సూత్రాలున్నాయి. కేంద్ర ఉద్యోగులకు జనరల్ ఫైనాన్షియల్ రూల్సులో, మనకు ఫైనాన్షియల్ కోడులో. శాఖాపరీక్షల కోసం మనమంతా బట్టీ పట్టినవే. మామూలు వివేకం గల మనిషి తన సొంత డబ్బు ఖర్చుపెట్టేటప్పుడు ఎంత జాగ్రత్త చూపుతాడో, ప్రభుత్వ ధనం విషయంలో ప్రతి ఉద్యోగీ అంత జాగ్రత్త చూపాలని మొదటి సూత్రం భావం. చాలా మంచి సూత్రం. కాకపోతే దాన్ని రాసినవారు మన పెళ్ళిళ్ళు చూసినట్టు లేదు.

నవ్వుతున్నారు కానీ ఆ నియమంలో అది నిజంగా ఒక లొసుగే. సొంత డబ్బు మీద మనిషికి సహజంగా జాగ్రత్త ఉంటుందని దాని నమ్మకం. ఆఫీసులో పెన్సిలు ముక్క అరిగేదాకా కొత్తది ఇవ్వని మనిషి, గ్రాట్యుటీ, కమ్యుటేషను కలిపి వచ్చిన సొమ్ములో సగం ఒక్క రాత్రి పూలపందిరికీ దీపాలకూ ఇవ్వడం నేను చూశాను. ఆయన్ను ఎవరూ దుబారా మనిషి అనలేదు. ఎందుకంటే దానికి మన భాషలో ఇంకో మాట సిద్ధంగా ఉంది, ముచ్చట. ఒక్కగానొక్క పిల్ల, ముచ్చట. మొదటి మనవడు, ముచ్చట. ముచ్చట కాకపోతే మర్యాద. వియ్యాలవారు ఏమనుకుంటారు? మర్యాద కాకపోతే ఆనవాయితీ. ఈ మూడు మాటలూ ఎక్కడుంటే అక్కడికి దుబారా అనే మాట రాదు. వడ్డన చూడండి. కొసరి కొసరి వడ్డించడం మన మర్యాద. వద్దు వద్దంటున్నా వేసి, విస్తట్లో సగం మిగిలిపోతే అది లేవనెత్తేవాడు తప్ప ఎవరూ చూడరు. అప్పు చేసి పప్పుకూడు అన్నది పాత సామెత. 1959లో విజయావారు ఆ పేరుతో సినిమా తీస్తే జనమంతా నవ్వుకుని, ఇంటికి వెళ్ళి ఆ పనే చేశారు.

ఆ సూత్రాల్లోనే ఇంకొకటుంది, దాని మీద మనం అంత శ్రద్ధ పెట్టలేదు. ఖర్చు సందర్భం కోరినదానికంటే పైకి కనబడేంతగా మించకూడదని. నాకు ఇది మొదటిదానికన్నా గట్టి సూత్రమనిపిస్తుంది. ఎందుకంటే ఇది తక్కువ ఖర్చుపెట్టమనడం లేదు. సందర్భాన్ని చూడమంటోంది. సందర్భం పెద్దదైతే పెద్ద ఖర్చు ఉండవచ్చు. దీనిదాకా వచ్చాక మన ఇళ్ళలోకి రాక తప్పదు.

ఇంట్లో ఈ మాట ఎవరు ఎవరిని అంటారు? గమనించండి, పర్సు ఎవరి చేతిలో ఉంటే వారు లేనివారిని అంటారు. మన తరంలో ఎక్కువగా మగవాడు ఆడవారిని. పాత చీరలిచ్చి స్టీలు గిన్నె తీసుకుంటే దుబారా. తను రెండు దినపత్రికలు తెప్పించుకుంటే లోకజ్ఞానం. నేను ఇంటి లెక్క పుస్తకం రాసేవాణ్ణి, మీలోనూ చాలామంది రాసేవారు. పాలు, బియ్యం, అద్దె, ఫీజులు, చివర 'ఇతరములు'. ఆ ఇతరములులో ఏముండేవో మా ఆవిడకు తెలుసు. ఒకసారి ఆవిడే అంది, "మీరు దుబారా అన్నారంటే లెక్క తేలిందని కాదు, ఇక మాట్లాడొద్దని." నాకు దీనికి జవాబు దొరకలేదు, మీకు దొరికితే చెప్పండి. ఉద్యోగం చేసి, సొంత పింఛను తీసుకుంటున్న మన మహిళా సభ్యులు కొందరు ఇప్పుడు ఆ మాటను ఎదురు వాడుతున్నారని వింటున్నాను. న్యాయమే.

ఇక మనల్ని అనేవారున్నారు. మా అన్నయ్య మనవడు, ఆర్థిక శాస్త్రం చదివాడు. నేను ఈ ప్రసంగం కోసం కాగితాలు రాసుకుంటుంటే చూసి, "తాతయ్యా, నీ నిర్వచనం ప్రకారం మీ పింఛనే దుబారా కదా! చేసిన పని ఒకటి, దానికి జీతం ఒకసారి ఇచ్చేశారు, ఇప్పుడు మళ్ళీ ఇస్తున్నారు, దో బార్" అన్నాడు. తెలివైనవాడు. బడ్జెట్ రోజుల్లో పత్రికల్లో జీతాలు, పింఛన్ల భారం అని రాసే పెద్దలు కూడా, ఇంత చమత్కారంగా కాకపోయినా, అనేది దాదాపు ఇదే.

వాడికి నేను చెప్పింది మీకు కొత్త కాదు. మనం ఏటా ఈ తేదీన ఎందుకు కలుస్తున్నామో అదే. 1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, అయిదుగురు న్యాయమూర్తులు, మన తెలుగువారు జస్టిస్ ఒ. చిన్నపరెడ్డిగారు అందులో ఒకరు, పింఛను యజమాని దయతలచి ఇచ్చే బహుమానం కాదని, చేసిన సేవకు సంబంధించిన హక్కని చెప్పింది. అంటే ఇది రెండోసారి ఇచ్చే జీతం కాదు. మొదటిసారి పూర్తిగా ఇవ్వక అట్టేపెట్టిన భాగం. బయటి కంపెనీలో ఎక్కువ జీతం వస్తుందని తెలిసి కూడా, చివర్లో ఇది ఉందనే నమ్మకంతో ముప్పయ్యేళ్ళు తక్కువకు పనిచేశాం. వాయిదాలో ఉన్న బాకీని తీర్చడం దుబారా ఎలా అవుతుంది? వాడు కాసేపు ఆలోచించి, "మరి నాకు?" అన్నాడు. వాళ్ళ నాన్న 2004 సెప్టెంబరు 1 తరువాత ప్రభుత్వ ఉద్యోగంలో చేరాడు. ఆ తేదీ తరువాత చేరినవారిని ఈ పాత పింఛనులో కాక వేరే పథకంలో పెట్టారు. ఇంట్లో మూడు తరాలు, వాడికైతే ఆ ప్రశ్నే చివర. దాని సంగతి వేరే వక్తలు చెబుతారు.

ఇప్పుడు అసలు ఈ మాట ఎంచుకోవడానికి కారణం చెబుతాను. ఎవరో మనల్ని అనడం కన్నా, మనం మనల్నే అనుకోవడం నన్ను ఎక్కువ కలవరపెడుతోంది.

మన సభ్యులలో ఒకరు, పేరు అక్కరలేదు, ఎనభై దగ్గర పడ్డాయి. చెవి వినబడదు. డాక్టరుగారు యంత్రం పెట్టుకోమని చెప్పి మూడేళ్ళయింది. "ఈ వయసులో దుబారా" అని ఆయన తీసుకోలేదు. డబ్బు లేక కాదు, బ్యాంకులో డిపాజిట్లున్నాయి. నేను వెళ్ళినప్పుడు ఆయన భార్య వంటింట్లోంచి అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని, చివరికి పలక మీద రాసి చూపిస్తోంది. మనవరాలు ఫోను చేస్తే ఆయన ఆ, ఆ అని వెంటనే పెట్టేస్తారు. ఒకప్పుడు తాలూకా ఆఫీసులో కబుర్లకు పెట్టింది పేరు ఆయన. పదిమంది చుట్టూ మూగేవారు. ఇప్పుడు మన సమావేశాలకు కూడా రావడం మానేశారు.

ఇది ఆయన ఒక్కరి కథ కాదు. కంటిలో శుక్లం ముదిరినా ఇంకో ఏడాది చూద్దాం అనేవారు. మోకాళ్ళు పట్టేసినా ఆస్పత్రికి ఆటో ఎందుకు, బస్సుంది కదా అనేవారు. స్నానాల గదిలో పట్టుకోవడానికి ఒక కడ్డీ బిగించుకోరు, పడి తుంటి విరిగితే మాత్రం ఆపరేషనుకు అన్నీ తీసి ఇస్తారు. పిల్లలు కొనిచ్చిన ఏసీ అతిథుల కోసం. వీళ్ళంతా పిసినారులు కారు. మనవడి ఫీజుకు అడగకముందే చెక్కు రాస్తారు. తమ దగ్గరికి వచ్చేసరికే దుబారా అంటారు.

దీని వెనక ఉన్నది నాకు తెలుసు, మనం అలా పెరిగాం. ఎస్టీడీ రోజులు గుర్తున్నాయా? రాత్రి పదకొండు దాటాక పావు రేటు. అప్పటిదాకా మేలుకుని, బూత్ దగ్గర వరసలో నిలబడి, ఎర్ర అంకెలు పరుగెడుతుంటే వాటిని చూస్తూ మాట్లాడాం. ఇప్పుడు అమెరికాలోని కొడుకు వీడియోలో కనిపిస్తాడు, నిమిషానికి ఇంత అని లేదు. అయినా రెండు నిమిషాలు కాగానే, "సరే, ఉంటాను నాయనా" అంటాం. వాడు ఇంకా ఏదో చెప్పబోతుంటాడు. మన కళ్ళ ముందు ఆ ఎర్ర అంకెలు తిరుగుతూనే ఉన్నాయి.

పై సూత్రాన్ని ఇక్కడ పెట్టి చూడండి. సందర్భం ఏమిటి? భార్య మాట వినడం. మనవరాలి గొంతు వినడం. దానికి మించిన సందర్భం ఈ వయసులో ఏముందో నాకు తెలియదు. ఆ యంత్రం రెండోసారి కొంటున్నది కాదు, కాపు కాయనిది కాదు. ఆడిట్‌లో ఏ పారా కిందికీ రాదు. నేను ఆయనకు ఇదే రాసి ఇచ్చాను, చెబితే వినబడదు కనుక. చదివారు. మడిచి జేబులో పెట్టుకున్నారు. కొంటారో కొనరో ఇంకా తేలలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్ళాలి. వెళ్తున్నది రెండోసారి కనుక ఉర్దూ ప్రకారం ఇదీ దుబారాయే.

కాలం మించుతోంది. ఒక మనవి చేసి ముగిస్తాను. మన సంఘంలో రెవెన్యూ, రిజిస్ట్రేషను, ఎక్సైజు, అటవీ, పోలీసు, దేవాదాయ, అన్ని శాఖలవారూ ఉన్నారు. ఒక్కో శాఖకు ఒక్కో మాటల మూట ఉండేది. పాత రికార్డు గదులు ఖాళీ చేసి అంతా కంప్యూటర్లకు ఎక్కించాక ఆ మాటలు రాసేవారూ లేరు, అడిగేవారూ లేరు. మీ శాఖలో మీరు విన్న మాట, అది ఏ అర్థంలో వాడేవారో, వీలైతే ఏ సందర్భంలో విన్నారో నాలుగు వాక్యాలు రాసి పంపండి. చేతిరాతలో ఉన్నా పరవాలేదు, ఫోనులో చెప్పినా నేను రాసుకుంటాను. జమాబందీ దగ్గర నుంచి మొదలుపెడదామని రెవెన్యూ మిత్రులిద్దరు ఇప్పటికే మాటిచ్చారు.